ఇంకా రాలేదు టీచర్

రావిపాడు ఊరంతా రైలు పట్టాలకి అటువైపు, హైస్కూలు ఒక్కటీ ఇటువైపు. పట్టాలు దాటి తిన్నగా వచ్చే రోడ్డు బడి దగ్గరే ఆగిపోతుంది. ఆ తరవాత జీడితోటలే. గూడ్సుబండి వస్తోందని గేటు వేశారంటే దాని పెట్టెలన్నీ సాగిపోయేదాకా సైకిళ్ళూ ఆటోలూ బారులు తీరి నించోవలసిందే. మొదటి పీరియడు సగమయ్యాక పిల్లలు ఒక్కొక్కరే చెమటలు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. "గేటు పడిందండి మేడమ్" అనేవాళ్ళు. గేటు పడని రోజు కూడా అదే జవాబు.

ఆ మాట వింటే హెడ్మిస్ట్రెస్ హైమవతికి ఒళ్ళు మండేది. లేటుగా వచ్చినవాళ్ళని గుమ్మం బయట నించోబెట్టి చూసింది. తల్లిదండ్రుల్ని పిలిపించింది. ముందుగా వచ్చినవాళ్ళకి పెన్నులు బహుమతిగా ఇచ్చింది. పెన్నులు అయిపోయాయి గాని అలవాటు మారలేదు. అందరిలోకీ మొండివాడు పదో తరగతి ఎబినేజర్. పొద్దున్నే సైకిలు మీద పాలక్యాన్లు వేసుకుని ఊళ్ళో పాలు పోసి, ఆ క్యాన్లతోనే బడికి వచ్చేవాడు. "లేటుగా వచ్చి లోపలికెలా వస్తావ్? బయట నించో" అని హైమవతి అనని రోజు లేదు. వాడు నవ్వు మొహంతో వెళ్ళి గుమ్మం బయట చేతులు కట్టుకుని నించునేవాడు.

హైమవతి తమ్ముడు ప్రభంజన్ విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయంలో నాడీశాస్త్రవేత్త. దసరా సెలవులకి అక్కగారింటికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఈ గోడు విని, జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అందులో కందిపప్పు బద్దంత బిళ్ళ ఉంది.

"చెవి వెనక అంటించుకుంటే చాలక్కా," అన్నాడు. "నచ్చిన సినిమా చూస్తుంటే మూడు గంటలు మూడు నిమిషాల్లా అయిపోతాయి కదా. పన్ను నొప్పెడితే నిమిషం గంటలా సాగుతుంది. మన బుర్రలో కాలం రబ్బరులాంటిది. ఈ బిళ్ళ అక్కడి నరాన్ని మెల్లిగా తట్టి, ఆ రబ్బరు సాగకుండా పట్టి ఉంచుతుంది. ఇంకెంత టైముందో ఒంటికే తెలుస్తుంది. కొన్నాళ్ళకి బిళ్ళ తీసేసినా అలవాటు నిలిచిపోతుంది."

"షాకు కొడుతుందా మావయ్యా?" అని అడిగింది హైమవతి కూతురు లాస్య. ఆ పిల్లా పదో తరగతే, తల్లి బళ్ళోనే. హెడ్మిస్ట్రెస్ కూతురై ఉండి కూడా అద్దం ముందు నిలబడి రోజూ ఆలస్యం చేసేది.

"చక్కిలిగింత కూడా పెట్టదే."

"ఒక్కొక్కళ్ళ ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది కదా. అందరికీ ఒకే టైము ఎలా తెలుస్తుంది?" అంది హైమవతి.

ప్రభంజన్ మొహం వెలిగింది. ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాడు. "అదే దీని గొప్ప. బిళ్ళలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకడి గడియారం తప్పితే మిగతావాళ్ళది దాన్ని సరిచేస్తుంది. ఒక్కడు వెనకపడితే క్లాసంతా వాణ్ణి లాక్కొస్తుంది."

తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఎవరూ పెద్దగా ప్రశ్నలు వెయ్యలేదు. ఎబినేజర్ తల్లి రూతమ్మ మాత్రం, "మా ఓడికి నెప్పెట్టదు గదండి?" అని అడిగింది. పెట్టదని హైమవతి హామీ ఇచ్చింది. పదో తరగతి పిల్లలందరి చెవుల వెనకా తన చేత్తోనే బిళ్ళలు అంటించింది.

మొదటి వారం ఏమీ తేడా కనబడలేదు. రెండో వారం నుంచి పిల్లలు గంటకి ముందే రావడం మొదలైంది. ఒక ఉదయం హైమవతి వచ్చేసరికి పదో తరగతి గదిలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఎబినేజర్ మొదటి బెంచీలో ఉన్నాడు.

"గేటు పడలేదా ఈవేళ?" అంది నవ్వుతూ.

"పడతాదని ముందే తెలిసిపోయిందండి," అన్నాడు వాడు. "ఒంట్లో ఎవరో తోసినట్టుంటదండి. ఆగబుద్ధి కాదు."

ఆ మాట అప్పుడు ఆవిడకి ముద్దుగానే వినబడింది. పక్క ఊళ్ళ నుంచి హెడ్మాస్టర్లు వచ్చి చూసి వెళ్ళారు. బడి గంట ఇంకా మోగుతూ ఉండగానే పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి వదిలి, భుజాలు దించి, పుస్తకాలు తెరిచేవాళ్ళు. అందరూ ఒకేసారి వదిలే ఆ ఊపిరి చప్పుడు వరండాలోకి వినబడేది. గంట కొట్టే అటెండరు సింహాచలం మాత్రం, "ఎందుకో ఒళ్ళు జలదరిస్తందండి మేడంగారూ," అన్నాడు ఒకరోజు. ఆవిడ పట్టించుకోలేదు.

తరవాత పిల్లలు చిక్కిపోవడం మొదలైంది.

లాస్య టిఫిను సగంలో వదిలేసి లేచిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఆపేసి గుమ్మం వైపు చూసేది. తల దువ్వుకోవడానికి కూర్చునేది కాదు, నించునే జడ వేయించుకునేది. జడ వేస్తున్నంతసేపూ ఆ పిల్ల మెడ మీద నరం కొట్టుకోవడం హైమవతి వేళ్ళకి తెలిసేది. బళ్ళో రిజ్వానా అనే పిల్ల మధ్యాహ్నం అన్నం నమలకుండా మింగి, పొలమారి పడిపోయింది. "ఎందుకమ్మా అంత కంగారు?" అంటే, "ఏమో టీచర్" అని ఏడ్చింది.

ఒక ఆదివారం హైమవతి ముందుగదిలోకి వచ్చేసరికి లాస్య యూనిఫారం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, మూసిన తలుపుకి ఎదురుగా నిలబడి ఉంది.

"ఈవేళ బడి లేదు కదే."

"తెలుసమ్మా."

"మరి?"

"ఆలస్యమైపోయింది."

"దేనికే?"

లాస్య తల్లి వైపు తిరిగింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "తెలీదమ్మా. ఎక్కడికో వెళ్ళాలి. అందరూ వెళ్ళిపోతున్నారు. నేనొక్కదాన్నే ఉండిపోతున్నాను."

హైమవతి కూతుర్ని దగ్గరికి తీసుకుని చెవి వెనక బిళ్ళ గోటితో లాగేసింది. లాస్య కెవ్వుమంది. అలాంటి కేక ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. నేల మీద కూలబడి, కళ్ళు మూసుకుని, "పెట్టెయ్యమ్మా, పెట్టెయ్యి. ఎంతసేపైందో తెలీడం లేదు. ఇప్పుడా, ఇందాకా, ఏదీ తెలీడం లేదు" అంటూ గోడని తడుముకుంది. హైమవతి బిళ్ళ మళ్ళీ అంటించింది. లాస్య లేచి వెళ్ళి మళ్ళీ తలుపుకి ఎదురుగా నిలబడింది.

ఆవిడ ఫోను చేసేసరికి ప్రభంజన్ సెలవు రోజైనా పరిశోధనాలయంలోనే ఉన్నాడు. రావిపాడు బిళ్ళల నుంచి వచ్చే సంకేతాలు అక్కడి తెర మీద గీతలుగా కనిపిస్తాయి, పిల్లకొక గీత చొప్పున. మొదట్లో అవి చిక్కుపడిన దారాల్లా ఉండేవి. ఆ మధ్యాహ్నం తెర మీద అతనికి ఒకటే గీత కనిపిస్తోంది. యంత్రం చెడిందేమోనని రెండుసార్లు ఆపి పెట్టి చూశాడు. చెడలేదు. గీతలన్నీ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. పిల్లలందరూ కలిసి ఒకే మనిషిలా భయపడుతున్నారు.

"అక్కా," అన్నాడు. "వాళ్ళు కాలం నేర్చుకోలేదు. మేం నరాన్ని తడితే కాలం తెలుస్తుందనుకున్నాం. అక్కడ పుట్టింది భయం. దాన్నే ఒకళ్ళకొకళ్ళు అందించుకుంటున్నారు. ఒకడు బెదిరితే అందరూ బెదురుతున్నారు, అది తిరిగి వాడికే ఇంకా పెద్దదై వస్తోంది."

"అన్నీ పీకేస్తాన్రా నేను."

"వద్దు. నువ్వే చూశావుగా. ఒక్కసారిగా తీస్తే ఏమవుతుందో నాకూ తెలీదు. మెల్లిగా తగ్గించుకుంటూ రావాలి. పొద్దున్న నేనే వస్తున్నాను. అప్పటిదాకా ఎవరూ బెదరకుండా చూడు."

మర్నాడు పిల్లల్ని రానివ్వకూడదనుకుంది హైమవతి. కానీ రావద్దంటే ఏం చేస్తారోనన్న భయం దాన్ని మించిపోయింది. బడి తీసే ఉంచింది. ప్రభంజన్ అద్దె కారులో వచ్చి, స్టాఫ్‌రూములో తన పరికరాలు సర్దుకుంటున్నాడు. ఆవిడ పదో తరగతిలోకి వెళ్ళి, ఏమీ జరగనట్టే బోర్డు మీద లెక్క వెయ్యడం మొదలుపెట్టింది. మొదటి బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఎబినేజర్ రాలేదు. రూతమ్మకి జ్వరమొచ్చి, ఇంట్లో పనీ పాల పనీ అన్నీ ఆ రోజు వాడి మీదే పడ్డాయని తరవాత తెలిసింది.

వెనక ఏదో చప్పుడు మొదలైంది. బెంచీల కింద కాళ్ళు ఆడుతున్నాయి. అన్నీ ఒకే తాళంలో. హైమవతి సుద్దముక్క పట్టుకునే వెనక్కి తిరిగింది. పిల్లలందరూ గుమ్మం వైపు చూస్తున్నారు.

"ఏంటర్రా?"

రిజ్వానా లేచి నించుంది. "మేం ఇంకా రాలేదు టీచర్."

"అదేం మాటమ్మా? నా కళ్ళెదురుగా ఉన్నావు కదా."

"లేదు టీచర్. ఇంకా రాలేదు."

ఆవిడ కూతురి వైపు చూసింది. లాస్య డెస్కు అంచు పట్టుకుని ఉంది, కళ్ళనిండా నీళ్ళు. బళ్ళో ఎప్పుడూ టీచర్ అనే పిలిచే పిల్ల, "అమ్మా," అంది. "గంట కొట్టేస్తారమ్మా. మేమింకా రాలేదు."

దూరంగా రైలు కూత వినబడింది. క్లాసంతా ఒక్కసారి లేచింది. బెంచీలు తలకిందులయ్యాయి. గుమ్మంలో అడ్డం నించున్న హైమవతిని గోడకి నెట్టేసి పిల్లలు వరండాలోకి, అక్కణ్ణించి రోడ్డు మీదికి పరిగెత్తారు. ఎవరూ అరవడం లేదు. అన్ని కాళ్ళ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ రోడ్డు వెళ్ళేది రైలు గేటుకే.

ప్రభంజన్ బయటికి దూసుకొచ్చాడు. "ఎవరో ఒకళ్ళు రాలేదా ఈవేళ?"

"ఎబినేజర్."

"వాడి భయమే ఇది. వాడు దార్లో ఎక్కడో ఇరుక్కుని ఉన్నాడు. వీళ్ళ ఒంటికి ఇప్పుడు బళ్ళో ఉన్నామన్న సంగతే తెలీదు, వాడిలాగే గేటు దాటాలనే తెలుసు."

"ఎలా ఆపాలి? చెప్పరా!"

"గంట! బళ్ళో గంట విన్నాకే వీళ్ళ భయం దిగడం అలవాటైంది. గంట వింటే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోతారు."

సింహాచలం అప్పటికే కొక్కేనికి ఉన్న కంచు గంటా, సుత్తీ తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. డ్రిల్లు మాస్టారి మోటారు సైకిలు మీద ముగ్గురూ ఎక్కారు. ముందు మాస్టారు, వెనక గంటా సుత్తీ పట్టుకుని హైమవతి, ఆవిడ వెనక ప్రభంజన్.

వాళ్ళు వెళ్ళేసరికి గేటు వేసి ఉంది. ముందున్న పిల్లలు అడ్డకర్ర కిందికి వంగుతున్నారు. అందరికంటే ముందు లాస్య ఉంది. గేటుమనిషి ఎర్రజెండా ఊపుతూ, మరో చేత్తో పిల్లల్ని నెట్టలేక అరుస్తున్నాడు. పట్టాల మధ్యలో ఎబినేజర్ ఉన్నాడు. ఊరివైపు నుంచి కర్ర కింద దూరి వచ్చి, సైకిలు ముందు చక్రం పట్టా పక్కన సందులో దిగబడిపోతే లాగుతున్నాడు. రెండు వైపులా, ఇంకా పొయ్యని పాలతో నిండిన క్యాన్లు ఊగుతున్నాయి. మలుపులో ఎక్స్‌ప్రెస్ ఇంజను కనిపించింది.

హైమవతి సుత్తి ఎత్తింది. ప్రభంజన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దక్కా! వాడు పట్టాల మీదున్నాడు. గంట వింటే వాడూ అక్కడే ఆగిపోతాడు."

ఆ క్షణాన్ని ఆవిడ తరవాత ఎన్నడూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. కర్ర కింద కూతురి వీపు కనిపిస్తోంది. కూతురి వెనక మిగతా పిల్లలందరూ. పట్టాల మీద ఒక్కడు. ఆవిడ చెయ్యి విడిపించుకుని గంట కొట్టింది.

పిల్లలు ఆగిపోయారు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. లాస్య కర్ర కింద వంగినది వంగినట్టే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ప్రభంజన్ చెప్పినట్టే ఎబినేజరూ సైకిలు లాగడం మానేశాడు. పట్టాల మధ్య నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఎబినేజర్!" అని హైమవతి అరిచింది.

"ప్రెజెంట్ మేడమ్," అన్నాడు వాడు. వాడి మొహంలో ఇసుమంత భయం లేదు. ఎన్నో రోజుల తరవాత నవ్వుతున్నాడు. వాడు వచ్చేశాడు. ఇంక వాడికి వెళ్ళవలసిన చోటు లేదు.

"రైలురా! పరిగెత్తరా!" అని గేటుమనిషి, డ్రిల్లు మాస్టారు, ప్రభంజన్ గొంతులు చించుకుంటున్నారు. ఆ మాటలేవీ వాడిలో దేన్నీ కదపడం లేదు. ఉన్న భయమంతా ఖర్చయిపోయి, రైలుకి భయపడేందుకు వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. కూత చెవులు పగలగొడుతోంది.

హైమవతికి తెలియకుండానే పాత గొంతు పైకొచ్చింది.

"లేటుగా వచ్చి లోపలికెలా వచ్చావ్? ఫో! బయట నించో!"

వాడి నవ్వు మాసిపోయింది. తల దించుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. పట్టా దాటి కంకర మీద కాలు పెట్టాడు. తరవాత రైలు అడ్డం వచ్చేసింది.

పాలు వానలా ఎగిరి పిల్లల మొహాల మీద పడ్డాయి. పెట్టెలు ఎంతకీ అయిపోవడం లేదు. పెట్టె వెనక పెట్టె వెళ్తున్నంతసేపూ హైమవతి పట్టాల అటువైపు ఏముందో తెలియక, గంటని పొట్టకి అదుముకుని నిలబడింది. చివరి పెట్టె వెళ్ళాక ఎబినేజర్ అటు పక్క గేటు కర్ర దగ్గర పడి ఉన్నాడు. ఎగిరొచ్చిన క్యాను ఎడమ మోకాలిని పగలగొట్టింది. ప్రాణం ఉంది.

ఆస్పత్రిలో రూతమ్మ జ్వరంతోనే వచ్చి హైమవతి చేతులు పట్టుకుంది. "తవరు పిలిచారంటండి. ఆ పిలుపుకే ఎనక్కొచ్చాడంట మా ఓడు. ఏమని పిలిచారండి?" అంది. మంచం మీద ఎబినేజర్ పిండికట్టు వేసిన కాలుతోనే లేవబోతున్నాడు. నర్సు అదిమి పట్టుకుంటే, "బయట నించోవాలండి" అంటున్నాడు.

ప్రభంజన్ విశాఖ వెళ్ళలేదు. బిళ్ళల శక్తిని రోజుకి కాస్త చొప్పున తగ్గిస్తూ, పిల్లల ఇళ్ళకి తిరుగుతూ ఆ చలికాలమంతా రావిపాడులోనే ఉండిపోయాడు. పరిశోధనాలయం వాళ్ళు సంజాయిషీ అడిగితే, తప్పు తనదేనని రాసిచ్చాడు. బిళ్ళలన్నీ ఊడొచ్చాయి. భయం మాత్రం బిళ్ళతో పాటు రాలేదు. దానికి ఒకటే మందు కనిపెట్టాడతను. పక్కన నమ్మకమైన మనిషి ఉండగా పిల్లలు కావాలని ఆలస్యం చెయ్యాలి. ఏమీ జరగదని ఒళ్ళు తనంతట తాను చూసుకోవాలి. మాటలతో చెప్తే నమ్మదు. చాలామంది పిల్లలు మెల్లిగా కోలుకున్నారు. ఎబినేజర్ కుంటుతూనే బడికి వచ్చాడు. వచ్చినా, ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే తప్ప గుమ్మం దాటేవాడు కాదు. ఆ పని రోజూ హైమవతే చేసేది. బళ్ళో గంట కొట్టడం మానేశారు.

లాస్యకి అందరికంటే ఆలస్యంగా నయమవుతోంది. ఒక సాయంత్రం తల్లీ కూతుళ్ళు బస్టాండుకి వెళ్ళారు. ఎక్కడికీ వెళ్ళే పని లేదు. ఒక బస్సు వదిలెయ్యడానికే వెళ్ళారు.

సిమెంటు బల్ల మీద కూర్చోగానే ఒకాయన దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. తొమ్మిదో తరగతి కుర్రాడి తండ్రి.

"మేడంగారూ, ఆ బిళ్ళలు మళ్ళీ ఎప్పుడిత్తారండి? మావోడు అస్సలు టయానికి లెగట్లేదండి."

"ఇవ్వమండి."

"అదేంటండి? ఆ కుర్రోడి సంగతి నేనూ విన్నాన్లెండి. కానీ అంతకు ముందు పిల్లలెంత బుద్ధిగా వచ్చీవోరండి! కాత్త తక్కువ మోతాదులో చేయించి ఇవ్వచ్చు కదండి."

హైమవతి ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇలా అడిగినవాళ్ళలో ఆయన మొదటివాడు కాదు. ప్రభంజన్‌కి కూడా ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తను ఇవ్వకపోతే ఇచ్చేవాళ్ళు ఇంకెవరో ఎక్కడో తయారవుతూనే ఉంటారన్న తలపుతో ఆవిడ లాస్య చెయ్యి పట్టుకుంది. ఆయన మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

కాకినాడ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. లాస్య గోళ్ళు తల్లి అరచేతిలోకి దిగాయి.

"అమ్మా, ఎక్కేస్తున్నారు."

"ఎక్కనీ."

"మనం ఉండిపోతాం."

"ఉండిపోదాం. నేనున్నానుగా."

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది. లాస్య సగం లేచింది. హైమవతి లాగలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ పిల్ల ఒళ్ళంతా చలి జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. దుమ్ము అణిగింది. అరటిపళ్ళ బండివాడు ఈగల్ని తోలుకుంటున్నాడు. లాస్య అటూ ఇటూ చూసింది, ఏదో వచ్చి మీద పడుతుందని ఎదురుచూస్తున్నట్టు. చాలాసేపు చూసింది. ఏదీ రాలేదు. మెల్లిగా మళ్ళీ బల్ల మీద కూర్చుంది.

కాసేపటికి తుని బస్సు హారను వినబడింది. లాస్య తల్లి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"దీన్ని కూడా వదిలేద్దామా అమ్మా?" అంది.